ఫోన్‌లో 41, రాత్రి పదకొండుకు గదిలో 36: ఏ లెక్క నమ్మాలి, కాలనీలో ఏం చేయాలి?

ఉప్పల్_పైఅంతస్తు | ఏప్రిల్ 24, రాత్రి 11.50

అందరికీ నమస్కారం. ఉప్పల్‌లో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. మా పైన టెర్రస్ తప్ప ఇంకేమీ లేదు. ఈరోజు మధ్యాహ్నం ఫోన్‌లో 41 డిగ్రీలు చూపించింది. సాయంత్రం ఏడయ్యేసరికి బయట గాలి కాస్త చల్లబడింది, పిల్లలు కింద ఆడుకున్నారు. మా ఇంట్లో మాత్రం అసలు వేడి అప్పుడే మొదలైంది. ఇప్పుడు పదకొండు దాటింది, చిన్న డిజిటల్ మీటర్‌లో ఇంకా 36 ఉంది. ఫ్యాన్ వేస్తే వేడిగాలే మీద పడుతోంది. అమ్మకు బీపీ. నిద్ర పట్టక రాత్రంతా లేచి కూర్చుంటోంది.

మా కాలనీ సంఘం దగ్గర కొంత డబ్బుంది. కొందరు మొక్కలు నాటుదామంటున్నారు, కొందరు గేటు దగ్గర నీళ్లు చిమ్మే ఫ్యాన్లు పెడదామంటున్నారు, ఒకాయన టెర్రస్‌లకు తెల్ల రంగు వేయిద్దామంటున్నారు. కాలనీ వెనక బస్తీలో రేకుల ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్ల పరిస్థితి మాకంటే ఘోరం. అసలు ఏ నంబరు చూసి నిర్ణయం తీసుకోవాలి? డబ్బు దేనికి ముందు ఖర్చు పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

వాతావరణం_మాస్టారు | ఏప్రిల్ 25, ఉదయం 6.15

బాబూ, పొద్దున్నే చూశాను. వాతావరణ పరిశీలనలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను, అందుకని మొదట కొలత సంగతి చెబుతాను.

మీరు టీవీలో వినే 41, 43 నీడలో ఉన్న గాలి ఉష్ణోగ్రత. తెల్ల రంగు వేసిన చెక్కపెట్టెలో థర్మామీటర్లు ఉంటాయి. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. చుట్టూ గాలి ఆడేలా వాలు పలకలు ఉంటాయి, నేలకు సుమారు మనిషి ఛాతీ ఎత్తులో ఉంటుంది, చుట్టుపక్కల గోడలూ తారురోడ్డూ లేని ఖాళీ స్థలంలో పెడతారు. ఇన్ని జాగ్రత్తలు ఎందుకంటే బేగంపేట రీడింగ్‌ను నిజామాబాద్‌తోనో, ముప్పై ఏళ్ల కిందటి బేగంపేటతోనో పోల్చాలి. దాని పని అదే. మీ టెర్రస్ కింది గదిలో ఎంత ఉంటుందో చెప్పడానికి దాన్ని పెట్టలేదు. ఫోన్ యాప్‌లైతే స్టేషన్ రీడింగ్‌లకు కంప్యూటర్ అంచనా కలిపి చూపిస్తాయి.

వడగాల్పుల ప్రకటనా ఆ నీడ లెక్క మీదే. మైదానాల్లో కనీసం 40, తీరంలో 37 దాటాలి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. లేదా నేరుగా 45 తాకాలి. 47 తాకితే తీవ్ర వడగాల్పులు. అదీ వాతావరణ శాఖ గీసుకున్న ఒక ప్రాంతంలో (సబ్‌డివిజన్ అంటారు) రెండు స్టేషన్లలోనైనా, వరుసగా రెండు రోజులు.

ఇంకోమాట. ఎవరైనా 50 అని స్క్రీన్‌షాట్ పంపితే కంగారుపడకండి. 2024 మే 29న ఢిల్లీ ముంగేష్‌పూర్ ఆటోమేటిక్ స్టేషన్ 52.9 చూపించింది. దేశమంతా అదే వార్త. తర్వాత వాతావరణ శాఖ పరీక్షిస్తే సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. నాగపూర్‌లో 56 అన్నదీ అంతే, సెన్సర్ లోపం. తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళికా సొసైటీ పెట్టిన ఆటోమేటిక్ స్టేషన్లు వెయ్యికి పైగా ఉన్నాయి, అది చాలా మంచి విషయం. కానీ స్టేషన్ ఎక్కడ పెట్టారు, ఎప్పుడు సరిచూశారు అన్నది తెలియకుండా రికార్డు గురించి మాట్లాడకూడదు.

బెజవాడ_బందరురోడ్డు | ఏప్రిల్ 25, ఉదయం 8.40

మాస్టారూ, మాకు ఇంకో బాధ. మా రీడింగ్ గన్నవరం విమానాశ్రయంలోది. ఊరి మధ్యలో కొండల నడుమ గాలి ఆడని వీధుల సంగతి దాంట్లో రాదు. పైగా ఉక్క. రామగుండంలో 43 అంటే అందరూ అయ్యో అంటారు, బెజవాడలో 38 అంటే పర్లేదనుకుంటారు. ఆ 38లో ఇక్కడ చొక్కా ఆరదు, ఊపిరాడదు. 38 ఉన్న రోజు మావాళ్లు ఎక్కువ అలసిపోతారు.

వాతావరణం_మాస్టారు | ఏప్రిల్ 25, ఉదయం 9.05

మీరన్నది నిజమే, లెక్క వేసి చూపిస్తాను. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే వచ్చే రీడింగ్‌ను తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. చెమట ఆరి ఒళ్లు ఎంతవరకు చల్లబడగలదో అది చెబుతుంది. 43 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే తడిబల్బు సుమారు 25. 38 డిగ్రీలు, తేమ 55 శాతం ఉంటే సుమారు 30. శరీరానికి రెండోదే ప్రమాదం. ఎండిన వేడిలో నీళ్లు తాగుతూ నీడలో ఉంటే చెమట కాపాడుతుంది. ఉక్కలో చెమట కారుతుంది కానీ ఆరదు.

పీహెచ్‌సీ_డాక్టర్ | ఏప్రిల్ 25, మధ్యాహ్నం 2.20

ఓపీ ఇప్పుడే అయిపోయింది. మాస్టారు గారి మాటకు కొనసాగింపు.

తడిబల్బు 35 దాటితే ఆరోగ్యవంతుడు నీడలో కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. తర్వాత అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు యువకుల మీద ప్రయోగం చేస్తే, తేమ ఎక్కువున్న గాలిలో 31 దగ్గరే శరీరం పట్టు తప్పడం మొదలైంది. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు. బీపీ మాత్రలు, ముఖ్యంగా నీరు పోయేలా చేసే మాత్రలు వాడే పెద్దవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ. అందుకే 30 అంటే నాకు భయం.

ఉప్పల్ తమ్ముడూ, మీ అమ్మగారి విషయంలో నేను మధ్యాహ్నం 41 కంటే రాత్రి 36 గురించే ఎక్కువ ఆలోచిస్తాను. పగలు వేడిలో గుండె గట్టిగా పనిచేస్తుంది, చర్మానికి రక్తం పంపుతూనే ఉంటుంది. రాత్రి గది చల్లబడితే దానికి విశ్రాంతి. చల్లబడకపోతే మర్నాడు అలసిన గుండెతోనే మొదలవుతుంది. మా దగ్గరికి వడగాల్పుల మూడోరోజు, నాలుగోరోజు కేసులు పెరగడం అందుకే. ఆ మాత్రల మోతాదు గురించి వాళ్ల డాక్టర్‌ను ఒకసారి కలవండి, మీ అంతట మీరు ఆపకండి. పడుకునే ముందు తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, ఆ తడి మీద ఫ్యాన్ గాలి తగలనివ్వండి. గదిలో గాలి 40 దాటితే మాత్రం ఫ్యాన్ మేలు చేయదు, ఒంటికి ఇంకా వేడి ఎక్కిస్తుంది.

మాట తడబడటం, మనిషి అయోమయంగా ఉండటం, ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోన్ చేసి, వ్యాన్ వచ్చేలోపే బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు కుమ్మరిస్తూ గాలి విసరండి. ఆ మొదటి అరగంటే ప్రాణం నిలిపేది.

బైక్_మీద_పగలంతా | ఏప్రిల్ 25, సాయంత్రం 4.50

నేను డెలివరీ చేస్తా. నీడలో లెక్క అంటున్నారు, మాకు నీడ ఎక్కడిది సార్? సిగ్నల్ పడితే పైనుంచి ఎండ, కింద తారు సెగ, పక్కన బస్సు ఇంజన్. మధ్యాహ్నం రెండింటికి హెల్మెట్ లోపల తల ఉడికిపోతుంది. ఆ వేడికి కూడా ఏదైనా మీటరుందా?

ప్లానింగ్_విద్యార్థిని | ఏప్రిల్ 25, సాయంత్రం 6.30

ఉంది అన్నా. రాగి గోళానికి నల్ల రంగు వేసి మధ్యలో థర్మామీటర్ పెడతారు. ఎండ, రోడ్డు, గోడల నుంచి వచ్చే సెగ అంతా అది పీల్చుకుంటుంది. తడిబల్బు రీడింగ్‌లో 70 శాతం, ఈ గోళం రీడింగ్‌లో 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతలో 10 శాతం కలిపితే ఒక నంబరు వస్తుంది. డబ్ల్యూబీజీటీ అంటారు. 1950లలో అమెరికా సైనిక శిక్షణలో వడదెబ్బలు ఆపడానికి తయారుచేశారు. ఎండలో పనిచేసేవాళ్లకు ఎంతసేపు పని, ఎంతసేపు విశ్రాంతి అన్నది ఇప్పటికీ దాన్నిబట్టే నిర్ణయిస్తారు. మన దగ్గర రోడ్డు పనులకూ, డెలివరీలకూ ఆ లెక్క వాడాలని నా కోరిక.

నా థీసిస్ హైదరాబాద్ వేడి మీదే కాబట్టి ఉపగ్రహ మ్యాపుల గురించీ చెబుతాను, ఎందుకంటే పేపర్లలో ఎర్రరంగు మ్యాపు వేసి 'నగరం 50 డిగ్రీలు' అని రాసేస్తున్నారు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం కొలిచేది గాలిని కాదు, పైనుంచి కనిపించే ఉపరితలాన్ని. టెర్రస్, రోడ్డు, చెట్టు కొమ్మల పైభాగం. అదీ పొద్దున పదీ పదిన్నర ప్రాంతంలో. రాత్రి మీ గదిలో వేడి సంగతి దానికి తెలియదు.

ఇంకో తిరకాసు. వేసవి ఉదయం మ్యాపులో హైదరాబాద్ చుట్టూ ఉన్న ఎండిన చేలు, బోడి నేల నగరం కంటే ఎర్రగా కనిపిస్తాయి. అది చూసి నగరమే చల్లగా ఉందని కొందరు వాదిస్తారు. పచ్చదనం లేని పొడినేల పొద్దున్నే గబగబా వేడెక్కుతుంది, చీకటి పడగానే అంతే వేగంగా చల్లారుతుంది. కాంక్రీటు నెమ్మదిగా వేడెక్కి రాత్రంతా వదులుతుంది. మోడిస్ అనే ఉపగ్రహ పరికరం రాత్రి తీసిన చిత్రాల్లో చూస్తే నగరం స్పష్టంగా వేడిముద్దలా కనిపిస్తుంది. నగరం చుట్టుపక్కల పల్లెల కంటే రాత్రిపూట వేడిగా ఉంటుందని లూక్ హోవార్డ్ అనే వాతావరణ పరిశీలకుడు లండన్‌లో రెండొందల ఏళ్ల కిందటే రికార్డులతో చూపించాడు. మనం మాత్రం ఇప్పటికీ పగటి గరిష్ఠం చుట్టూనే తిరుగుతున్నాం.

సున్నం_మేస్త్రి | ఏప్రిల్ 25, రాత్రి 8.10

నేను టెర్రస్‌లకు కూల్ కోటింగ్, సున్నం పనులు చేయిస్తాను. ఆ రంగు మాటెత్తిన ఆయన చెప్పింది సరైనదే.

కస్టమర్లు ఈమధ్య ఇన్‌ఫ్రారెడ్ గన్ కొనుక్కుని వస్తున్నారు. మధ్యాహ్నం మామూలు స్లాబు మీద కొడితే 60కి దగ్గర, పక్కనే తెల్లకోటు వేసిన చోట 40 పైచిల్లర వస్తుంది. అదంతా బాగానే ఉంటుంది. కానీ మెరిసే జింకు రేకు మీద కొడితే చాలా తక్కువ చూపిస్తుంది, చెయ్యి పెడితే కాలుతుంది. మెరిసే లోహం తన సెగను గన్ అనుకున్నంత వదలదు, ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది. అందుకని రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, ఐదు నిమిషాలు ఆగి, ఆ టేపు మీద కొట్టాలి. అప్పుడు అసలు వేడి తెలుస్తుంది.

పని ఎలా చేస్తామో కూడా చెబుతా. సున్నం ముందురోజే నానబెట్టాలి. నీళ్లు పోయగానే కుతకుతా ఉడుకుతుంది, కళ్లకు అద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు. మర్నాడు గుడ్డతో వడగట్టి ఫెవికాల్ కలపాలి. టెర్రస్ ఊడ్చి, కడిగి, తడి ఆరకముందే తెల్లవారుజామున మొదటి కోటు. మధ్యాహ్నం కాలుతున్న స్లాబు మీద వేస్తే నీరంతా ఒక్కసారి ఎగిరిపోయి రెండు రోజులకే పొడి పొడిగా రాలిపోతుంది. అడ్డం ఒక కోటు, నిలువు ఒక కోటు. వానలకు పోతుంది కాబట్టి ప్రతి ఫాల్గుణంలో మళ్లీ వేసుకోవాలి. కంపెనీ కోటింగ్ కొన్నేళ్లు ఉంటుంది, ఖర్చు చాలా ఎక్కువ. దేనికైనా దుమ్ము పడితే తెలుపు తగ్గుతుంది, నెలకోసారి కడగాలి.

సిమెంటు రేకుల ఇళ్లకు ఒక హెచ్చరిక. రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు, విరిగి కిందపడి చనిపోయినవాళ్లున్నారు. కింద దూలం ఉన్నచోట అడ్డంగా పలక వేసి దాని మీద నిలబడాలి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పొడి బ్రష్‌తో గీకొద్దు. నీళ్లు చల్లి మెత్తగా తుడవాలి.

చెట్టే_దిక్కు | ఏప్రిల్ 25, రాత్రి 9.35

అందరూ రంగుల గురించి మాట్లాడుతున్నారు. మా చిన్నప్పుడు వీధికి రెండు వైపులా చింతచెట్లు ఉండేవి, ఎవరికీ మీటర్లు అక్కర్లేకపోయింది. రోడ్డు వెడల్పు పేరుతో అన్నీ కొట్టేశారు. ఇప్పుడు డబ్బా రంగుతో సరిపెట్టుకోమంటే నేను ఒప్పుకోను. ఏసీలు పెట్టుకున్నవాళ్లు వేడిని వీధిలోకి తోస్తున్నారు, అది ఏసీ లేనివాడి కిటికీలోకి పోతోంది. చెట్టు ఒక్కటే ఎవరినీ అడగకుండా అందరికీ నీడనిస్తుంది.

ప్లానింగ్_విద్యార్థిని | ఏప్రిల్ 25, రాత్రి 10.10

అంకుల్, ఏసీ సంగతి మీరన్నట్టే. అమెరికాలోని ఫీనిక్స్ నగరం మీద 2014లో వచ్చిన పరిశోధనలో ఏసీలు వదిలే వేడి వల్ల రాత్రి గాలి కొన్నిచోట్ల ఒక డిగ్రీకి పైగా పెరుగుతుందని తేల్చారు. చెట్ల విషయంలోనూ మీతోనే ఉన్నాను. కొలంబియాలోని మెడెయిన్ నగరం 2016 నుంచి రోడ్ల వెంబడి, కాలువల వెంబడి 30 పచ్చని దారులు పెంచింది. ఆ దారుల్లో సుమారు 2 డిగ్రీలు తగ్గిందని నగరమే చెప్పుకుంది. కానీ ఈ జూన్‌లో నాటిన మొక్క నీడ ఇవ్వడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది, బస్తీ సందులో దాని వేరుకు చోటే లేదు. ఉప్పల్ అమ్మగారికి ఈ మే నెల గడవాలి కదా.

ఫీనిక్స్_తెలుగు | ఏప్రిల్ 26, ఉదయం 7.00

ఫీనిక్స్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా, నేనుండేది ఇక్కడే. 2023లో వరుసగా 31 రోజులు 43.3 దాటింది. ఆ ఏడాది మా మారికోపా కౌంటీలో వేడికి 645 మంది చనిపోయారని లెక్క తేలింది. ఇంటి లోపల చనిపోయినవాళ్లలో ఎక్కువమందికి ఏసీ ఉంది, పనిచేయలేదు. రిపేరుకు డబ్బు లేకో, కరెంటు లేకో. డబ్బున్న దేశంలోనే ఇలా అయింది.

ఇక్కడ రోడ్లకు లేత రంగు పూత వేశారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కొలిస్తే మధ్యాహ్నం రోడ్డు ఉపరితలం ఆరేడు డిగ్రీలు చల్లగా ఉంది. అదే రోడ్డు మీద నిలబడిన మనిషికి తగిలే సెగ మాత్రం సుమారు 3 డిగ్రీలు పెరిగింది, ఎందుకంటే నేల తిప్పికొట్టిన ఎండ ఒంటికే తగులుతుంది. కాబట్టి మీ కాలనీ వాళ్లు రోడ్డుకు తెల్లరంగు వేద్దామంటే వద్దని చెప్పండి. తెలుపు మనుషులు నడవని టెర్రస్ మీద వేయాలి. మనుషులు నడిచేచోట నీడ కావాలి.

బైక్_మీద_పగలంతా | ఏప్రిల్ 26, ఉదయం 9.20

ఇది కరెక్ట్. సిగ్నళ్ల దగ్గర గ్రీన్ నెట్ కడితే ఎంత ప్రాణం లేచొస్తుందో మాకే తెలుసు. ఫ్యాన్లు, నీళ్ల తుంపర్లు ఫొటోలకు బాగుంటాయి. గుడ్డ పందిరి, కుండలో నీళ్లు, కూర్చోడానికి బల్ల చాలు.

కూల్‌రూఫ్_చదివినవాడు | ఏప్రిల్ 26, ఉదయం 11.30

టెర్రస్ దగ్గరికి మళ్లీ వద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అంటే ఎండను తిప్పికొట్టే పైకప్పులు వేయించే విధానం, 2028 వరకు. దేశంలో ఇలాంటి పాలసీ తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి. రాష్ట్రం మొత్తం మీద 300 చదరపు కిలోమీటర్లు, అందులో హైదరాబాద్‌లోనే 200 లక్ష్యం. మంచి పని. అయితే 600 గజాల్లో ఇల్లు కట్టుకునేవాడికి ఏసీ కొనే స్తోమతా ఉంటుంది. రేకుల ఇంటివాడు మాత్రం ఇష్టముంటే వేసుకోవచ్చు అన్న లెక్కలో మిగిలిపోయాడు. ముందు సాయం అందాల్సింది అక్కడ.

అక్కడ పనిచేస్తుందా అని అనుమానం అక్కర్లేదు. బంజారాహిల్స్ దగ్గర దేవరకొండ బస్తీలో 2017లో పాతిక పేదల ఇళ్ల మీద తెల్ల పొర పరిచి చూశారు, పొర లేని ఇళ్లతో పోలిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌తో కలిసి ఇక్కడి ఆఫీసు భవనాల మీద కొలిచినప్పుడు, మామూలు కాంక్రీటు టెర్రస్‌ను తెల్లగా చేస్తే చల్లదనానికి వాడే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. రెండు డిగ్రీలేగా అని తీసిపారేయకండి. 36లో పట్టని నిద్ర 34లో పడుతుంది.

చెట్టే_దిక్కు | ఏప్రిల్ 26, మధ్యాహ్నం 12.15

రేకుల ఇళ్లకు ముందు అన్న మాట నాకు నచ్చింది, దానికి నేనూ వెయ్యి రూపాయలు ఇస్తాను. అయినా మొక్కలు వదలొద్దు. కానుగ, వేప నాటండి. పడమటి గోడకు ఎండ తగలకుండా, బస్టాపు దగ్గర, చాయ్ బండి దగ్గర నాటండి. మొదలు చుట్టూ సిమెంటు పోయకుండా చూసుకునే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఉన్న చెట్టును కరెంటు తీగల పేరుతో మోడు చేయకుండా కాపాడటం కొత్తగా పది మొక్కలు పెట్టడం కంటే ముఖ్యం.

పీహెచ్‌సీ_డాక్టర్ | ఏప్రిల్ 26, మధ్యాహ్నం 3.00

ఒక్క విషయం అందరూ గుర్తుపెట్టుకోవాలి. వేడి చావులు చాలావరకు వేడి చావులుగా నమోదు కావు. గుండెపోటు, కిడ్నీ అని రాస్తారు. అహ్మదాబాద్‌లో 2010 మేలో 46.8 డిగ్రీలు తాకింది. ముందు, తర్వాత ఏళ్ల మే నెలలతో పోల్చి చూస్తే ఆ నెలలో 1344 మరణాలు అదనంగా కనిపించాయి. అలా మొత్తం మరణాలు లెక్కపెట్టి చూశాకే ఆ నగరం 2013లో హీట్ యాక్షన్ ప్లాన్ మొదలుపెట్టింది. ముందస్తు హెచ్చరిక, ఆసుపత్రుల్లో శిక్షణ, మురికివాడల్లో ప్రచారం, తర్వాత పేదల ఇళ్లకు సున్నం. మనకు 2015 మే గుర్తుండాలి. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ప్రభుత్వ లెక్కల్లో వెయ్యి మందికి పైగా పోయారు. మీ కాలనీలో కూడా ఒంటరిగా ఉండే ముసలివాళ్లు ఎవరు, ఏ గదిలో ఉంటారు అన్న జాబితా ముందు రాయండి. మీటరు కొనడానికి ముందే చేయొచ్చు ఆ పని.

ఉప్పల్_పైఅంతస్తు | ఏప్రిల్ 26, రాత్రి 9.45

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సాయంత్రం సంఘం మీటింగ్‌లో ఈ చర్చంతా చదివి వినిపించాను. నీళ్ల ఫ్యాన్ల ఆలోచన మానుకున్నారు. ముందు బస్తీలో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న రేకుల ఇళ్లకు సున్నం, ఆ తర్వాత మా టెర్రస్‌లు. బస్టాపు దగ్గర గ్రీన్ నెట్ పందిరి, చలివేంద్రం. మొక్కలకు జూన్ దాకా గుంతలు తవ్వి ఉంచుతారు. ఒకాయన మాత్రం, 'తగ్గిందని రుజువేంటి, డబ్బు వృథా అయితే?' అని పట్టుబట్టారు. ఆయనకు చూపించడానికి ఎలా కొలవాలి మాస్టారూ?

వాతావరణం_మాస్టారు | ఏప్రిల్ 27, ఉదయం 6.05

ఆయన అడిగింది సరైన ప్రశ్నే. సున్నం వేసే ఇళ్లు కొన్ని, అలాంటివే వేయనివి కొన్ని ఎంచుకోండి. వేయని వాళ్లకు కొలత అయ్యాక తప్పకుండా వేయాలి, ఆ మాట ముందే ఇవ్వండి. సున్నం వేయకముందు వారం రోజులు, వేశాక వారం రోజులు రెండు రకాల ఇళ్లలోనూ కొలవాలి. ఒకే రకం ఇళ్లలో ముందూ వెనకా మాత్రమే చూస్తే, మధ్యలో మబ్బు పట్టినా తగ్గిందనుకుంటారు.

మీటర్లన్నీ మొదట ఒకే గదిలో పక్కపక్కన ఒక పూట ఉంచండి. ఏది అర డిగ్రీ ఎక్కువ చూపిస్తోందో తెలుస్తుంది, దాని మీద చీటీ అతికించండి. తర్వాత గదిలో గోడకు ఆనకుండా, మంచం మీద కూర్చున్న మనిషి తల ఎత్తులో దారంతో వేలాడదీయండి. పొయ్యికి, ఫ్రిజ్‌కు, కిటికీ ఎండకు దూరంగా. మధ్యాహ్నం మూడు, రాత్రి పది, తెల్లవారుజాము ఐదు, ఈ మూడు వేళలా రాయండి. తేమ కూడా చూపించే మీటరైతే అదీ రాయండి. నన్నడిగితే రాత్రి పదిది తప్పిపోకూడదు. పక్కన ఒక గడి పెట్టి ఆ రాత్రి నిద్ర పట్టిందా లేదా అని ఇంటి ఆడవాళ్లనే అడిగి రాయండి, పగలంతా ఆ గదిలో ఉండేది వాళ్లే.

సున్నం_మేస్త్రి | ఏప్రిల్ 27, ఉదయం 7.30

వారం కొలిచాకే సున్నం అంటే మే మొదటివారం అవుతుంది, ఆలస్యం చేయకుండా ఈరోజే మీటర్లు పెట్టించండి. నా దగ్గర పలకలు, నిచ్చెన, కళ్లద్దాలు ఉన్నాయి, కూలీ తీసుకోను. బస్తీ కుర్రాళ్లు ఇద్దరిని తెల్లవారి నాలుగున్నరకు రమ్మనండి, ఎండెక్కేలోపు దిగిపోవాలి. ముందు ఏ ఇళ్లో డాక్టర్ గారు చెప్పిన జాబితా చూసి మీరే చెప్పండి.